పట్నం కతోలిక విచారణలో కలిసిపోవడం ఎలా? సేవ చేస్తే పూజ మీద ధ్యాస తగ్గుతుందా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది పల్నాడు వైపు పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చారు. మీరు, మీ ఆవిడ, రెండో తరగతి చదువుతున్న బాబు. ప్రతి ఆదివారం కతోలిక గుడిలో పూజకు (మాస్‌కు) వెళ్తున్నారు గానీ పేరు పెట్టి పలకరించేవాళ్ళు లేరు. గుడిలో ఏదైనా సేవ చేయాలని ఉంది. చేరితే పూజ మీద ధ్యాస పోతుందేమోనని ఒక అనుమానం, విచారణ (ఒక గుడి కిందికి వచ్చే కతోలిక సమాజం, పారిష్) రాజకీయాల్లో ఇరుక్కుంటామేమోనని ఒక భయం. మీ ఆవిడేమో 'ఇంటికి దొరికేది ఒక్క ఆదివారం, అదీ గుడికే ఇచ్చేస్తారా?' అంటున్నారు. పైగా వారం మార్చి వారం నైట్ షిఫ్ట్.

నేను గుంటూరు జిల్లా పల్లెలో పీఠబాలకుడిగా (పూజలో ఫాదర్ గారికి సాయపడే పిల్లవాడిగా) మొదలుపెట్టి, ఉద్యోగంతో ఊళ్ళు మారుతూ పాటల బృందంలో, పిల్లలకు విశ్వాసం నేర్పే క్యాటకిజం క్లాసుల్లో, పేదలకు సాయపడే విన్సెంట్ డి పాల్ సంఘంలో, విచారణ సలహా సంఘంలో పనిచేసినవాణ్ణి. ఇప్పుడు రిటైరై సికింద్రాబాద్ వైపు ఉంటున్నాను. మీలాంటి కుటుంబాలు ఏటా వస్తూనే ఉంటాయి. కొన్ని కలిసిపోతాయి, కొన్ని ఏళ్ళ తరబడి వెనక బెంచీలోనే ఉండిపోతాయి. ఈ తేడా ఎక్కడ వస్తోందో చూస్తూ వచ్చాను కాబట్టి రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఏ బృందంలో చేరాలా అని ఇప్పుడే ఆలోచించకండి. మొదట మీ కుటుంబం పేరు విచారణ పుస్తకంలో ఎక్కించండి, తర్వాత మీ వీధిలో జరిగే ఇంటి ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టండి. అక్కడ నాలుగు ఇళ్ళు తెలిశాక ఒక్క చిన్న పని తీసుకుని వదలకుండా చేయండి. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. వచ్చిన నెలలోనే క్వయర్‌లో చేరతారు, క్రిస్మస్ దాకా ఉత్సాహంగా ఉంటారు, ఎవరో ఏదో అన్నారని పాస్కా (ఈస్టర్) నాటికి మానేస్తారు. మాట పట్టింపు వచ్చినప్పుడు మనల్ని ఆపి ఉంచేది పక్కింటి పరిచయం. అది లేకుండా పనిలోకి దిగితే నిలబడడం కష్టం.

మిమ్మల్ని ఎవరూ పలకరించకపోవడం గురించి. దాన్ని మనసుకు తీసుకోకండి. ఫిరంగిపురంలోనో రెంటచింతలలోనో పుట్టిన మనిషిని 'ఏ ఇంటి పిల్లవాడివిరా' అని అడగగలిగే పెద్దలు గుడి మెట్ల మీదే ఉంటారు. పండుగ వస్తే తేరు ఎవరు సింగారించాలో, పందిరి ఎవరు వేయాలో వీధుల వారీగా తెలిసిపోతుంది. అక్కడ 'సేవ చేస్తాను' అని ఎవరూ వెళ్ళి అడగరు, పనే పిలుస్తుంది. పట్నంలో ఒక విచారణ కిందికి పాతికో ముప్పయ్యో కాలనీలు వస్తాయి. తెలుగు పూజ ఒక వేళకు, ఇంగ్లీషు పూజ ఒక వేళకు, కొన్ని చోట్ల తమిళం, మలయాళం కూడా. ఏడు గంటల పూజకు వచ్చేవాళ్ళకు తొమ్మిదిన్నర పూజవాళ్ళు తెలియరు. మీ ముందు బెంచీలో కూర్చున్నాయన కూడా నిరుడే ఖమ్మం నుంచి వచ్చి ఉండవచ్చు, మీరు పాతవారేమోనని పలకరించడానికి మొహమాటపడుతూ ఉండవచ్చు.

అందుకే మొదటి అడుగు మీరే వేయాలి. తిరుసభ (కతోలిక చర్చి) చట్టం ప్రకారం విచారణ అంటే సాధారణంగా ఒక ప్రాంతం (518వ నియమం). మీరు ఏ గుడికి వెళ్తున్నారన్నది అలా ఉంచి, మీ ఇల్లు ఏ విచారణ కిందికి వస్తుందో కనుక్కోండి. ఇంటికి దూరమైనా పాటలు బాగుంటాయనో పార్కింగ్ ఉందనో వేరే గుడికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. పూజకు వెళ్ళడంలో తప్పేమీ లేదు. కానీ కలిసి బతకాలంటే మీ ఇంటి చుట్టుపక్కల వాళ్ళు ఉన్న విచారణే నయం. ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర ఫాదర్ గారిని పట్టుకుంటే ఆయనకు ఒక నిమిషం కూడా ఉండదు. మామూలు రోజున ఆఫీసు వేళల్లో వెళ్ళండి. మీ పెళ్ళి సర్టిఫికెట్, ముగ్గురి జ్ఞానస్నాన (బాప్తిస్మం) సర్టిఫికెట్లు, వీలైతే మీ ఊరి విచారణ గురువుల (ఫాదర్ గారి) దగ్గర నుంచి ఒక ఉత్తరం పట్టుకెళ్ళండి. కుటుంబ కార్డు రాయించండి. రేపు బాబు ఫస్ట్ కమ్యూనియన్‌కు, తర్వాత భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు), పెళ్ళికి, అన్నింటికీ ఇదే ఆధారం. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళకు అర్ధరాత్రి ఏదైనా అయితే అవస్థ అభ్యంగనానికి (జబ్బుపడ్డవాళ్ళకు నూనె పూసి ప్రార్థించడానికి) ఏ ఫాదర్ గారికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం. పట్నంలో ఈ ఒక్క విషయం తెలియక కంగారుపడిన కుటుంబాలను చాలా చూశాను.

ఇక వీధి ప్రార్థన. వీటిని చిన్న క్రైస్తవ సమాజాలు అంటారు. కొన్ని విచారణల్లో యూనిట్లు అని, ఇంకొన్ని చోట్ల వార్డు ప్రార్థన అని పిలుస్తారు. దగ్గర దగ్గరగా ఉండే కొన్ని ఇళ్ళు కలిసి నెలకోసారో రెండుసార్లో ఒకరింట్లో కూడతాయి. ఒక పాట, ఆ ఆదివారం సువిశేషం చదవడం, దాని మీద ఎవరికి తోచింది వాళ్ళు రెండు మాటలు చెప్పడం, అవసరాల కోసం ప్రార్థన, పరలోక జపం. అక్టోబరులో జపమాల ఇంటింటికీ తిరుగుతుంది. తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్‌లో) శుక్రవారాలు సిలువ మార్గం ఉంటుంది.

చూడటానికి చిన్నదిగా ఉంటుంది గానీ విచారణ అంతా నిలబడేది దీని మీదే అని నా నమ్మకం. ఆదివారం గుడిలో వెయ్యిమంది ఉన్నప్పుడు 'మా ఆయన ఉద్యోగం పోయింది' అని ఎవరూ చెప్పుకోరు. ఇంటి ప్రార్థనలో విశ్వాసుల ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయి ఒకామె ఆగిపోతుంది. పక్కనున్న ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ఆ రాత్రికే ఎవరో ఒకరు ఆయనకు పని చూపించే దారి వెతకడం మొదలుపెడతారు. సేవ అనేది ఇక్కడ ప్రార్థన లోంచే పుడుతుంది. దాన్ని విడిగా ఒక కార్యక్రమంగా పెట్టనక్కర లేదు. మన తెలుగు నేల మీద విశ్వాసం నిలిచింది కూడా ఇలాగే. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో జెస్యూట్ సన్యాస సభ గురువులు పుంగనూరు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1773లో పోపు గారు ఆ సభనే రద్దు చేశాక ఇక్కడ గురువుల కొరత వచ్చింది. గురువు ఎప్పుడో గానీ రాని ఊళ్ళలో ఉపదేశులు (విశ్వాసం నేర్పేవాళ్ళు), ఇంటి పెద్దలు సాయంత్రం జపాలు చెప్పించి, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పి విశ్వాసాన్ని తరం నుంచి తరానికి అందించారు. వాళ్ళు ఎవరూ జీతం కోసం చేసినవాళ్ళు కారు.

మీ ఇంట్లో ప్రార్థన పెట్టుకునే వంతు వస్తే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. టిఫిన్లు, బిర్యానీలు పెట్టకండి. టీ, బిస్కెట్లు చాలు. మీరు ఘనంగా పెడితే తర్వాతి ఇల్లు అద్దె గదిలో ఉండే డ్రైవర్‌ది అయితే ఆయన సిగ్గుపడి తన వంతు తప్పించుకుంటాడు. నెమ్మదిగా ప్రార్థనకు రావడమే మానేస్తాడు. మంచి సమాజాలు ఇలా పాడవడం చూశాను. రెండోది, గంటలో ముగించండి. మర్నాడు పిల్లలకు స్కూలు ఉంటుంది, ముసలివాళ్ళు కింద కూర్చోలేరు, వాళ్ళకు కుర్చీలు వేయించండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న, సేవ చేస్తే పూజ మీద ధ్యాస పోతుందా అని. పోతుంది. జాగ్రత్తపడకపోతే తప్పకుండా పోతుంది. మైకు పనిచేయడం లేదని సాక్రిస్టీలోకి (పూజ సామాను ఉండే గదిలోకి), బయటికి తిరిగే మనిషి ఆ రోజు ప్రసంగం వినడు. పాటల బృందంలో దివ్యసత్ప్రసాద (కమ్యూనియన్) సమయంలో తర్వాతి పాట ఏ శృతిలో అని గుసగుసలు నడుస్తూ ఉంటాయి. మీ అనుమానం సరైనదే కాబట్టి దాన్ని పక్కన పెట్టకుండా దానికి తగ్గ ఏర్పాటు చేసుకోవాలి.

ముందు ఒక మాట. ప్రపంచ కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) కూడిన రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఇచ్చిన దైవార్చన పత్రంలో విశ్వాసులందరూ పూజలో సంపూర్ణంగా, తెలిసి, చురుకుగా పాల్గొనాలని చెప్పింది. మన భాషలో పూజ వినగలుగుతున్నామంటే ఆ మహాసభ పుణ్యమే. అయితే 'చురుకుగా పాల్గొనడం' అంటే ప్రతి ఒక్కరూ ఏదో ఒక పని పట్టుకుని పీఠం చుట్టూ తిరగాలని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. బైబిలు పఠనాన్ని శ్రద్ధగా వినడం, జవాబులు నోరు తెరిచి చెప్పడం, పాట అందరితో కలిసి పాడడం, మౌనంగా ఉండాల్సిన చోట మౌనంగా ఉండడం, ఇవన్నీ పాల్గొనడమే. బెంచీలో కూర్చుని మనసారా పూజలో ఉన్న ముసలామె, మైకు దగ్గర నిలబడ్డ మనిషి కంటే తక్కువగా ఏమీ పాల్గొనడం లేదు. ఏ పనీ లేని ఆదివారం మీరు గుడికి ఏమీ చేయనట్టు అనిపించడం మొదలైతే అప్పుడు ఆగి ఆలోచించుకోవాలి.

ఏర్పాట్ల విషయానికొస్తే, మేము పాటించి ఫలితం చూసినవి చెప్తాను. ఏ పనైనా నెలకు ఒక ఆదివారం, మహా అయితే రెండు. మిగతా ఆదివారాలు భార్యాబిడ్డల పక్కన కూర్చుని పూజ వినాలి. పని ఉన్న రోజు అరగంట ముందు రావాలి. మైకులు, పుస్తకాలు, కొవ్వొత్తులు, కానుకల పళ్ళేలు అన్నీ పూజకు పది నిమిషాల ముందే సర్దేసి, ఆ పది నిమిషాలు బృందమంతా కలిసి మౌనంగా కూర్చోవాలి. ఆ పది నిమిషాల వల్ల గాభరా చాలా వరకు తగ్గిపోతుంది. కానుకల డబ్బు పూజ జరుగుతుండగా లెక్కపెట్టకూడదు, అయ్యాక ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టాలి. ఇంకొకటి, వారంలో ఒక మామూలు రోజు పొద్దున్నే ఆరింటి పూజకు వెళ్ళండి. పాటల హడావుడి ఉండదు, అరగంటలో అయిపోతుంది, పట్టుమని ముప్పై మంది ఉంటారు. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చేదారిలో వెళ్ళిపోవచ్చు. ఆదివారం సేవ చేసే మనిషికి ఆ పూజే ఊపిరి.

ఏ పని తీసుకోవాలో నిర్ణయించుకునే ముందు విచారణలో ఎక్కడ కొరత ఉందో చూడండి. మైకు ఉన్న చోట ఎప్పుడూ కొరత ఉండదు. కొరత ఉండేది పిల్లల క్యాటకిజం క్లాసులో, మంచాన పడ్డవాళ్ళను చూసి వచ్చే పనిలో, చావు ఇంట్లో.

చావు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ సేవల జాబితాలో రాయరు. పల్లెలో ఒకరు పోతే గుడి గంట వినగానే ఊరు కదులుతుంది. పట్నంలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళకు ఏమీ తోచదు. ఫాదర్ గారికి చెప్పాలి, పెట్టె తేవాలి, సమాధుల తోటలో స్థలం అడగాలి, ఆసుపత్రి కాగితాలు తీసుకోవాలి, ఊరి నుంచి వచ్చే చుట్టాలకు నీళ్ళు, అన్నం చూడాలి, జపమాల చెప్పించాలి, పాటలు పాడాలి. ఇది తెలిసిన ఐదారుగురు ఉన్న విచారణ ధన్యమైంది. మీరు చేయగలిగింది చిన్నదే కావచ్చు, కారు నడపడమో, ఫోన్లు చేయడమో. నైట్ షిఫ్ట్ వాళ్ళు పగటిపూట ఖాళీగా ఉంటారు కాబట్టి ఈ పనికి మీలాంటి వాళ్ళు చాలా అవసరం. నవంబరు 2న సమాధుల పండుగకు ముందు వారం తోట శుభ్రం చేసేటప్పుడు వెళ్ళండి. తమవాళ్ళు విదేశాల్లో ఉండి రాలేకపోయిన సమాధులు గడ్డి పట్టి ఉంటాయి. వాటిని శుభ్రం చేసి సున్నం వేసి కొవ్వొత్తి పెట్టే కుర్రాళ్ళు ప్రతి విచారణలోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళతో స్నేహం చేయండి.

క్యాటకిజం గురించి. మీ బాబు క్లాసులో కూర్చునే ఆ ముప్పావు గంట మీరు బయట ఫోన్ చూసుకుంటూ నిలబడే బదులు సిస్టర్ గారిని అడిగి లోపల సాయం చేయండి. మొదట్లో హాజరు రాయడం, చిన్నపిల్లలకు సిలువ గుర్తు వేయడం, జపాలు నేర్పించడం చాలు. పట్నం పిల్లలకు తెలుగు చదవడం సరిగ్గా రాదు, ఇంగ్లీషులో జపాలు వస్తాయి, నానమ్మతో కలిసి తెలుగులో జపమాల చెప్పలేరు. ఈ లోటు తీర్చగలిగింది మీలా పల్లె నుంచి వచ్చి తెలుగు జపాలన్నీ కంఠతా వచ్చినవాళ్ళే. ఉపదేశి పనికి ఇప్పుడు తిరుసభలో గౌరవం కూడా పెరిగింది. పోపు ఫ్రాన్సిస్ గారు 2021 మేలో ఉపదేశి పరిచర్యను అధికారికంగా స్థాపించారు. అయితే పిల్లలతో పనిచేసేటప్పుడు నియమాలు కచ్చితంగా పాటించాలి. ఏ పెద్దవాళ్ళూ ఒక పిల్లవాడితో ఒంటరిగా మూసిన గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం గుడి ఆవరణకు కూడా వర్తిస్తుంది. అనుమానం వస్తే 'మన గుడి పరువు' అని దాచడం నేరం, పాపం కూడా. మీ విచారణలో ఈ నియమాలు రాసి గోడకు పెట్టి లేకపోతే, పెట్టమని అడిగే హక్కు తండ్రిగా మీకు ఉంది.

పఠనం చదవాలని ఉందని కూడా రాశారు. మంచిదే. ఆదివారం పఠనాలు మూడేళ్ళ చక్రంలో తిరుగుతాయి. ఒక ఏడాది మత్తయి సువిశేషం, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా. మొదటి పఠనం ఎక్కువగా పూర్వ నిబంధన నుంచి వస్తుంది, పాస్కా కాలంలో మాత్రం అపోస్తలుల కార్యాల నుంచి. కాబట్టి వచ్చే ఆదివారం ఏముందో వారం ముందే తెలుస్తుంది. సోమవారమే ఆ భాగాన్ని ఇంట్లో గట్టిగా చదవండి, ముందూ వెనకా అధ్యాయం కూడా చూడండి. పేర్ల దగ్గర తడబడతారు. పెంతెకోస్తు నాటి మొదటి పఠనంలో జాతుల పేర్లు, దేశాల పేర్లు వరసగా వచ్చేసరికి ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా నాలుక తిప్పుకోవలసిందే. మీ ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టి పుస్తకం చూడకుండా వినమనండి. ఆమెకు అర్థమైతే గుడిలో అందరికీ అర్థమవుతుంది. ఆమెకే చదవాలని ఉంటే ఇంకా మంచిది. ఆడవాళ్ళు పఠనాలు చదవడం ఎప్పటినుంచో ఉంది గానీ, 2021 జనవరిలో తిరుసభ చట్టంలోని 230వ నియమాన్ని మార్చి, పాఠకుల పరిచర్యను, పీఠ సహాయకుల పరిచర్యను ఆడవాళ్ళకు కూడా అధికారికంగా తెరిచారు. ఆదివారం గుడికి వెళ్తారనే ఆమె బాధ, ఇద్దరూ కలిసి ఒక పనిలో ఉంటే చాలా వరకు తగ్గుతుంది.

క్వయర్ గురించి ఒకటే మాట. పాట జనం పాడాలి. కీబోర్డు, ప్యాడ్లు మోగించి కొత్త కొత్త బాణీలు ఎత్తుకుంటే గుడిలో అందరూ కచేరీ వింటున్నట్టు నిలబడిపోతారు. పాతపాట అందుకోండి, వెనక బెంచీలో తాతగారి గొంతు కూడా కలుస్తుంది. తపస్సు కాలంలో అల్లెలూయ ఉండదు, ఆ కాలపు ఆదివారాల్లో మహిమ గీతం ఉండదు, వాయిద్యాలు పాటకు ఊతగా ఉండేంత మట్టుకే. ఈ నిశ్శబ్దాన్ని కాపాడితే పాస్కా జాగరణ రాత్రి గంటలు మోగినప్పుడు ఆ సంతోషం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి.

ఇళ్ళకు వెళ్ళి చేసే సేవకు రెండు పాత సంఘాలు ఉన్నాయి. పారిస్‌లో 1833లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థి స్నేహితులతో కలిసి మొదలుపెట్టిందే విన్సెంట్ డి పాల్ సంఘం. మరియ సేనాదళం 1921లో డబ్లిన్‌లో మొదలైంది. రెండింటిలోనూ వారం వారం కూడి ప్రార్థన చేస్తారు, ఇళ్ళకు ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఈ 'ఇద్దరిద్దరుగా' అనేది ఎంతో ఆలోచించి పెట్టిన పద్ధతి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు త్వరగా అలసిపోతారు, లేదా తామే దాతలమని అనుకోవడం మొదలుపెడతారు. బియ్యం సంచీ ఇచ్చి ఫోటో దిగే పద్ధతి మీ విచారణలో ఉంటే మెల్లగా మానిపించండి. సాయం తీసుకున్న మనిషి మర్నాడు అదే గుడిలో మన పక్కన కూర్చుని అదే దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి కదా, తల వంచుకుని కాదు.

రాజకీయాల గురించి దాచకుండా చెప్తాను. ఉన్నాయి. విచారణ సలహా సంఘానికి ఉండేది సలహా ఇచ్చే అధికారమే, నిర్ణయం విచారణ గురువులది. ఇది తెలియక సభ్యులయ్యాక పంతాలకు పోతారు. ఆర్థిక సంఘం మాత్రం ప్రతి విచారణలోనూ తప్పనిసరిగా ఉండాలని 537వ నియమం చెప్తోంది. లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టే విచారణలో సగం గొడవలు పుట్టనే పుట్టవు. మీకు అకౌంట్లు వస్తే కొన్నాళ్ళు పోయాక అందులో సాయం చేయండి, ప్రతి ఖర్చుకూ బిల్లు ఉండేలా చూడండి. మొదటి రెండేళ్ళు మాత్రం ఏ పదవీ ఒప్పుకోకండి. ఫాదర్లు బదిలీ అవుతారు. కొత్తగా వచ్చినవారు పాత పద్ధతులు కొన్ని మారుస్తారు. పాత ఫాదర్ గారి మనుషులు, కొత్త ఫాదర్ గారి మనుషులు అని రెండు జట్లు ఏర్పడతాయి. మీరు సేవ చేస్తున్నది ఆ ఫాదర్ గారి కోసం కాదన్నది మనసులో స్పష్టంగా ఉంటే ఏ జట్టులోనూ చేరనక్కర లేదు.

రాజకీయం అని మనం పైకి అనేదాని వెనక చాలాసార్లు ఉండేది కులం. మన తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. అయినా కొన్ని ఊళ్ళలో వేరు వేరు వరుసలు, వేరు సమాధుల తోటలు ఉన్న రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. పట్నంలో అది ఇంత బాహాటంగా కనిపించదు. ఎవరు పఠనం చదువుతున్నారు, ఎవరు ఎప్పుడూ కుర్చీలు మోస్తున్నారు, పండుగ కమిటీలో ఏ ఇంటిపేర్లు తిరిగి తిరిగి వస్తున్నాయి, ఇవి గమనిస్తే కనిపిస్తుంది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రం తెచ్చింది, సభలోపల వివక్ష ఉందని అందులో ఒప్పుకుంది. 2022 ఆగస్టులో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటివారు ఆయనే, మొదటి తెలుగువారు కూడా. ఆ రోజు మనమంతా సంతోషించాం. ఆ సంతోషం మన విచారణలో పనుల పంపకం దాకా రావాలి. మీకు ఏదైనా బృందం బాధ్యత వస్తే ఊడ్చే పని, చదివే పని రెండూ అందరికీ వంతుల మీద వేయండి, మీ పేరు ముందు ఊడ్చే వరుసలో రాయండి. శాంతి సమాధానం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మీ బెంచీ దాటి వెనక్కి తిరిగి చెయ్యి చాపండి.

మీ ఆవిడ అన్న మాటకు వస్తాను. ఆమె న్యాయంగా అడిగారు. వారమంతా షిఫ్టుల్లో ఉండే మనిషి ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గుడిలోనే ఉంటే, ఇంట్లో వాళ్ళకు గుడి మీద ప్రేమ పెరగదు, విసుగు పెరుగుతుంది. నెలకు ఒక ఆదివారం అని ఆమెతో కూర్చుని ముందే అనుకోండి. ఆ రోజు ఏదో కేలెండర్ మీద గీత గీయండి, ఫాదర్ గారే అడిగినా దాన్ని దాటకండి. 'ఈ నెల కుదరదు ఫాదర్' అని మర్యాదగా చెప్పడం వచ్చినవాళ్ళే పదేళ్ళ తర్వాత కూడా సేవలో కనిపిస్తారు.

ఏడాదికి ఒకసారి ముగ్గురూ కలిసి చేయగలిగింది ఒకటి ఉంది. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు వెళ్ళండి. 1924లో ఆర్లాటి గారు అనే ఇటలీ గురువు అక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన పుణ్యక్షేత్రం అది. కొండ ఎక్కే లక్షలమందిలో కతోలికులే కాదు, కొబ్బరికాయ పట్టుకుని వచ్చే హిందువులు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, అన్ని రకాలవాళ్ళూ ఉంటారు. మీకు తెలిసిన విచారణ వాళ్ళో యువత బృందమో వాలంటీర్లుగా వెళ్తుంటే వాళ్ళతో కలవండి. క్యూలో ముసలివాళ్ళకు నీళ్ళు అందించడం, తప్పిపోయిన పిల్లలను మైకు దగ్గరకు చేర్చడం లాంటి పనులు ఉంటాయి. మీ బాబు కూడా నీళ్ళ గ్లాసులు అందించగలడు.

బాబు గురించి అడిగారు కదా, పీఠబాలకుడిగా చేర్చవచ్చా అని. చాలా విచారణల్లో ఫస్ట్ కమ్యూనియన్ అయ్యాకే తీసుకుంటారు, కాబట్టి ఇంకా కొంచెం సమయం ఉంది. క్యాటకిజం క్లాసులు ఎక్కువగా స్కూళ్ళతో పాటు జూన్‌లో మొదలవుతాయి. ఫస్ట్ కమ్యూనియన్ బ్యాచ్‌కి జ్ఞానస్నాన సర్టిఫికెట్ అడుగుతారు. అది మీ పల్లె విచారణ నుంచి తెప్పించాలంటే అక్కడి ఫాదర్ గారికి బాబు పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానం జరిగిన తేదీ, జ్ఞానస్నానపు తల్లిదండ్రుల పేర్లు రాసి పంపండి. రిజిస్టర్ వెతకడానికి వాళ్ళకు టైం పడుతుంది, కాబట్టి ఇప్పుడే రాయండి. మీ ఇల్లు ఏ కాలనీలో ఉందో చెప్తే, అది ఏ విచారణ కిందికి వస్తుందో నాకు తెలిసినవాళ్ళను అడిగి చెప్తాను.